ఈసీజీ గీత వణుకుతుంటే ముందు కుడికాలు చూడండి

విద్యార్థుల ల్యాబ్‌లో ఈసీజీ (గుండె విద్యుత్ సంకేతాల గీత) తీస్తుంటే, కేబుల్ మార్చినా అన్ని లీడ్ల (ఒంటి మీది ఎలక్ట్రోడ్ల మధ్య తేడాను చూపే గీతల) గీతా దట్టంగా వణుకుతోందా? అది చాలావరకు మెషిన్ తప్పు కాదు, కుడికాలి ఎలక్ట్రోడ్‌ది (చర్మానికి తగిలించి సిగ్నల్ పట్టే బిళ్లది). విద్యార్థుల ముందు అప్పుడే మెషిన్ లోపలి సర్క్యూట్ బోర్డు విప్పకండి.

1. మెషిన్‌లో రొదను వడకట్టే ఫిల్టర్ ఆఫ్ చేయండి. పేపర్ వేగం సెకనుకు 50 మి.మీ. పెట్టి, ఒక పెద్ద గడిలో (5 మి.మీ.) ఎన్ని అలలున్నాయో లెక్కపెట్టండి. 50 హెర్ట్జ్ సప్లై అయితే 5, 60 అయితే 6. లెక్క సరిపోతే అది కరెంటు రొదే, అంటే చుట్టూ ఉన్న కరెంటు లైన్ల నుంచి గీతలోకి చొరబడిన అలలే.

2. అందరూ వదిలేసేది ఇక్కడే. కుడికాలి సిగ్నల్ ఏ లీడ్‌లోనూ కనపడదు కాబట్టి దాన్నెవరూ పట్టించుకోరు. కానీ ఒంటి మీద పడే రొదను మెషిన్ అణచేది ఆ వైరుతోనే. ఎండిన జెల్ తీసేసి, చర్మం తుడిచి, కొత్త ఎలక్ట్రోడ్ పెట్టండి. క్లిప్పు లోపలి వైపు కూడా చూడండి. నేనోసారి సగం రోజు పవర్ సప్లై వెతికాక అక్కడ పచ్చటి చిలుము కనిపించింది!

3. చేతులు, ఎడమకాలి ఎలక్ట్రోడ్లతో వచ్చే I, II, III లీడ్లలో రొద రెండింటికే మిగిలితే ఇంకా సులువు, ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఎలక్ట్రోడ్‌నే చూడాలి. I, II లో ఉంటే కుడిచెయ్యి. I, III అయితే ఎడమచెయ్యి. II, III అయితే ఎడమకాలు.

4. అప్పటికీ పోకపోతే మనిషికి తగిలించినవి తీసేసి, వైర్ల కొసలన్నీ ఒకచోట కలపండి. గీత చదునుగా వస్తే మెషిన్, కేబుల్ బాగున్నట్టే. రాకపోతే అప్పుడు ఎర్తింగ్ చూసి, స్క్రూడ్రైవర్ తీయండి.