ఇద్దరు కోచ్‌లు, ఒక్క మోచేయి

ప్రశ్న: మేము పదిహేనేళ్లుగా టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. మా అబ్బాయికి పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. బేస్‌బాల్‌లో పిచ్చర్, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాడు. స్కూలు ఫ్రెష్‌మన్ (తొమ్మిదో తరగతి) జట్టులో ఆడుతున్నాడు, మూడేళ్లుగా స్కూలుతో సంబంధం లేకుండా ఫీజు కట్టి ఆడే ఒక ట్రావెల్ టీమ్‌లో కూడా ఉన్నాడు. ఆ టీమ్‌లో ఎక్కువమంది ఎనిమిదో తరగతి పిల్లలు కావడంతో, స్కూలు సీజన్ నడుస్తున్న ఈ వసంతంలోనూ వారాంతపు టోర్నమెంట్లు ఆపలేదు. స్కూలు జట్టు వల్ల ఒరిగేదేమీ లేదని, కాలేజీ వాళ్లు చూసేది ట్రావెల్ టీమ్‌నేనని మావారంటారు. చదువూ, స్నేహితులూ, పండుగలూ ఏవీ మిగలడం లేదు కనుక ట్రావెల్ టీమ్ మాన్పించాలని నేనంటాను. ఆల్జీబ్రాలో 71 వచ్చింది. గత నెల ఒకే వారంలో మంగళవారం స్కూలు మ్యాచ్‌లో 78 బంతులు, శనివారం టోర్నమెంట్‌లో 40, ఆదివారం 35 వేసి, ఆ ఆదివారమే రెండో మ్యాచ్‌లో క్యాచర్‌గా, అంటే బ్యాటర్ వెనక బంతులు పట్టుకోవడానికి, కూర్చున్నాడు. మధ్యలో గురువారం ప్రైవేటు కోచ్ క్లాసు ఎప్పుడూ ఉండేదే. రెండు వారాలుగా మోచేయి నొప్పి పెడుతోందని, మాకు తెలియకుండా ఐబుప్రోఫెన్ వేసుకుని ఆడుతున్నాడని పదకొండేళ్ల మా అమ్మాయి నిన్న ఏడుస్తూ చెప్పింది. “నాన్నకు చెబితే బాధపడతారు, అమ్మకు చెబితే మాన్పించేస్తుంది” అన్నాడట. మావారికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు, పది రోజులుగా మా ఇద్దరి మధ్య మాటలు లేవు. గుంటూరులో ఇంటర్ చదివే రోజుల్లో ఆయన మంచి ఫాస్ట్ బౌలరని, ఎంసెట్ కోసం మామగారు ఆట మాన్పించారని, ఇప్పుడు మా దగ్గరే ఉన్న అత్తగారు చెబుతుంటారు. రెండు జట్లలో ఏది మాన్పించాలో మీరే చెప్పండి.

జవాబు: అమ్మా, ఏ జట్టు మాన్పించాలన్నది తరువాత చూద్దాం. ముందు ఆ మోచేయి సంగతి. ఈ ఉత్తరం చదివిన రోజు నుంచి, డాక్టరు చూసి సరేననేవరకు, మీ అబ్బాయి ఏ మైదానంలోనూ బంతి విసరకూడదు. మ్యాచ్‌లోనే కాదు, ప్రాక్టీసులోనూ గురువారం క్లాసులోనూ కూడా విసరకూడదు. పద్నాలుగేళ్ల పిల్లవాడి మోచేయి లోపలి వైపున ఎముక చివర ఇంకా పూర్తిగా అతుక్కోని మెత్తటి ఎదుగుదల భాగం ఉంటుంది; బంతి విసిరిన ప్రతిసారీ లిగమెంటూ (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) కండరాలూ దానినే పట్టి లాగుతాయి. పెద్దవాళ్లలో లిగమెంటు దెబ్బతినే చోట పిల్లల్లో ముందుగా ఆ ఎదుగుదల భాగమే వాచి, కొన్నిసార్లు విడిపోతుంది కూడా. దీన్ని అక్కడి డాక్టర్లు ‘లిటిల్ లీగ్ ఎల్బో’ అంటారు. తొలి దశలో పట్టుకుంటే చాలామందికి కొన్ని వారాల విశ్రాంతితోనే నయమవుతుంది; మాత్రలతో నొప్పిని కప్పిపెట్టి ఆడితే ఆ అవకాశం చేజారిపోతుంది. మీ ఊళ్లో పిల్లల క్రీడా గాయాలు చూసే ఎముకల డాక్టర్లకు కొదవ లేదు, కాబట్టి ఈ వారంలోనే చూపించండి. రెండు మోచేతులకూ ఎక్స్‌రే తీయిస్తే కంగారుపడవద్దు. ఎదిగే వయసులో రెండింటినీ పోల్చి చూడడం మామూలే. చేయి పూర్తిగా చాపలేకపోయినా, వాపు కనిపించినా, ఉంగరపు వేలూ చిటికెన వేలూ తిమ్మిరెక్కినా అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూడకుండా ఆ రోజే తీసుకెళ్లండి.

ఇక మీరు రాసిన ఆ వారం లెక్కను చూద్దాం. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ సంస్థలు కలిసి 2014లో ‘పిచ్ స్మార్ట్’ పేరుతో వయసువారీ పరిమితులు ప్రకటించాయి. వాటి ప్రకారం 13, 14 ఏళ్ల పిల్లలు ఒక రోజులో 95 బంతులకు మించి వేయకూడదు. 66 లేదా అంతకు మించి వేస్తే నాలుగు రోజులు, 36 నుంచి 50 వరకు వేస్తే రెండు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. మంగళవారం 78 వేసిన పిల్లవాడు ఆదివారం దాకా మళ్లీ పిచ్చింగ్ చేయకూడదన్న మాట. శనివారం వేసిన 40 బంతుల్ని తప్పు అనడానికి ఆ ఒక్క లెక్క చాలు. శనివారం వేశాక ఆదివారం వేసిన 35 ఇంకో తప్పు. పిచ్చింగ్ చేసిన రోజే క్యాచర్‌గా కూర్చోబెట్టడం వద్దని కూడా ఆ సూచనల్లోనే ఉంది. ఆరు రోజుల్లో 153 బంతులు, అదీ గురువారంనాటివి కలపకుండా.

అయినా మీ అబ్బాయి స్కూలు కోచ్ తన వైపు ఏ నియమమూ ఉల్లంఘించలేదు, ఎందుకంటే ఆయన లెక్కలో ఉన్నది 78 మాత్రమే. ట్రావెల్ కోచ్ పుస్తకం శనివారంతో మొదలై ఆదివారంతో ముగుస్తుంది. ప్రైవేటు కోచ్ బంతుల్ని లెక్కపెట్టడు, వాటిలో వేగం ఎంత పెరిగిందో చూస్తాడు. హైస్కూలు మ్యాచ్‌లకు 2017 నుంచి ప్రతి రాష్ట్రంలోనూ బంతుల పరిమితి నియమం ఉండాలన్నారు, కానీ ఆ నియమానికి స్కూలు మైదానం బయట జరిగేది కనబడదు. ముగ్గురి దగ్గరా మూడు ముక్కలుగా ఉన్న లెక్కను కలిపి కూడగలిగినవాళ్లు ఈ లోకంలో మీరిద్దరే. నిజం చెప్పాలంటే మీరు కూడారు కూడా, ఉత్తరంలో అంత కచ్చితంగా రాశారు. కాకపోతే ఆ అంకెల్ని మీరు భర్తతో వాదించడానికి దాచుకున్నారు గాని, వారం మధ్యలో ఎవరో ఒక కోచ్ ముందు పెట్టలేదు. ఇలా రాస్తున్నందుకు నన్ను అపార్థం చేసుకోవద్దు.

ఈ జాగ్రత్త అంతా అతిగా అనిపిస్తే, కౌమార వయసు పిచ్చర్ల గాయాల మీద 2006లో వెలువడిన ఒక అధ్యయనం గుర్తు చేస్తాను. భుజానికో మోచేతికో ఆపరేషన్ అయిన 95 మంది కుర్రవాళ్లను, గాయం లేని 45 మందితో పోల్చారు. ఏడాదిలో ఎనిమిది నెలలకు మించి పిచ్చింగ్ చేసినవాళ్లలో ఆపరేషన్ ముప్పు ఐదు రెట్లు ఉంటే, చేయి అలసిపోయినా తరచుగా వేస్తూ పోయినవాళ్లలో అది 36 రెట్లు ఉన్నట్లు తేలింది. అలసటను దాచుకోవడం ఎంత ప్రమాదమో ఇంతకన్నా సూటిగా చెప్పే అంకె నాకు తెలియదు. మీ రాష్ట్రంవాడే అయిన పిచ్చర్ నేథన్ ఇవాల్డీ ఆల్విన్ హైస్కూలులో చదువుతుండగానే, 2007లో, మోచేతి లిగమెంటుకు టామీ జాన్ ఆపరేషన్ చేయించుకున్నాడు, 2016లో రెండోసారి చేయించుకోవలసి వచ్చింది. 2023లో వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) గెలిచిన టెక్సాస్ రేంజర్స్ జట్టులో అతనున్నాడని మీవారు వెంటనే అంటారు, అది నిజమే. తిరిగి రాగలిగిన ఒక్కరి పేరు అందరికీ గుర్తుంటుంది. రాలేకపోయిన కుర్రవాళ్ల పేర్లు వాళ్ల ఇళ్లలోనే ఉండిపోతాయి.

మీవారి వాదనలో సగం నిజముంది, ఆ సగాన్ని మీరు ఒప్పుకోవాలి. వసంతంలో కాలేజీ కోచ్‌లకు సొంత మ్యాచ్‌లుంటాయి కనుక హైస్కూలు పిల్లల్ని చూడడానికి వాళ్లకు తీరిక దొరికేది ఎక్కువగా వేసవిలోనే, ఆ వేసవి టోర్నమెంట్లలో ఆడేవి ట్రావెల్ జట్లే. అయితే ఈ నిజం వేసవికి వర్తిస్తుంది గాని ఏప్రిల్ నెల శనివారాలకు వర్తించదు. పైగా కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ నియమాల ప్రకారం డివిజన్ వన్ (అన్నిటికన్నా పై స్థాయి) బేస్‌బాల్ కోచ్‌లు, పిల్లవాడు పదకొండో తరగతిలో చేరే ఏడాది ఆగస్టు 1 దాకా, అతనితో ఆటలో చేర్చుకునే విషయం మాట్లాడకూడదు. మీవాడు ఇంకా తొమ్మిదిలోనే ఉన్నాడు. ఈ వసంతం కొన్ని టోర్నమెంట్లు తప్పితే పోయే అవకాశమేదీ లేదు. స్కాలర్‌షిప్ ఆశ కూడా ఉంటే, అది ఎంత సన్ననిదో ఒకసారి ఇద్దరూ కూర్చుని చూడండి. హైస్కూలులో బేస్‌బాల్ ఆడే వందమందిలో ఎన్‌సీఏఏ కాలేజీ జట్లలో ఆడేది ఏడుగురో ఎనిమిదిమందో. డివిజన్ వన్ చేరేది ఇద్దరు. చాలా ఏళ్లు ఒక్కో డివిజన్ వన్ జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటినే ముక్కలు చేసి ఆటగాళ్లకు పంచేవారు. 2025–26 నుంచి ఆ పద్ధతి మారి చాలా కాలేజీలకు 34 మంది ఆటగాళ్ల హద్దు వచ్చింది గాని, అందరికీ పూర్తి ఫీజు దొరుకుతుందని ఎవరూ హామీ ఇవ్వడం లేదు. ట్రావెల్ టీమ్ ఫీజులూ, హోటళ్లూ, పెట్రోలూ పెట్టుబడి అనుకుంటే ఇది చాలా చెడ్డ పెట్టుబడి. కొడుకు ఆడుతుంటే చూసే సంతోషానికి పెట్టే ఖర్చు అనుకుంటే నాకే అభ్యంతరమూ లేదు.

మీ వాదనలోనూ సగమే నిజం. ఆల్జీబ్రాలో 71 అంటే హద్దు మీద నిలబడినట్లే. టెక్సాస్‌లో 1984 నుంచి ఉన్న నియమం ప్రకారం ఏ సబ్జెక్టులోనైనా 70 కన్నా తక్కువ వస్తే కనీసం మూడు వారాలు స్కూలు జట్టు తరఫున మ్యాచ్ ఆడనివ్వరు. స్కూలు జట్టు మార్కులడుగుతుంది, ట్రావెల్ టీమ్ అడగదు. మీ ఇంటికి ఆ తేడా పనికొస్తుంది. తరగతిలో పక్కన కూర్చునే పిల్లలతో కలిసి ఆడడం, సోమవారం కారిడార్‌లో ఎదురయ్యే కోచ్‌కు జవాబు చెప్పుకోవలసి రావడం, వీటి విలువ డబ్బుతో కొనేది కాదు. కానీ ఈ మంచి కారణాలన్నిటినీ మీరు ‘మాన్పించాలి’ అన్న ఒక్క మాటలో కుదించారు, ఆ మాటను పిల్లవాడు మీ కన్నా జాగ్రత్తగా విన్నాడు.

అమ్మాయి చేరవేసిన వాక్యం మళ్లీ చదవండి. నాన్న బాధపడతారు, అమ్మ మాన్పించేస్తుంది. నొప్పి పెడుతోందన్న మాట చెప్పుకోవడానికి ఆ ఇంట్లో పెద్దవాళ్లు ముగ్గురున్నా చోటు లేకపోయింది. ఎవరికి చెప్పినా ఆ నొప్పి తనది కాకుండా పోయి మీ తగాదాలో ఒక పక్షానికి ఆధారమైపోతుందని అతనికి తెలుసు. రెండు జట్ల మధ్య పిల్లవాడు నలిగిపోతున్నాడని మీరు అనుకుంటున్నారు. నాకు కనబడుతున్నంతవరకు అతను నలుగుతున్నది మీ ఇద్దరి మధ్య. జట్లు రెండూ మీ ఇంటి తగాదాకు దొరికిన పేర్లు.

కాబట్టి మీరడిగిన ప్రశ్నకు నా జవాబు, ఏదీ మాన్పించనక్కర్లేదు, రెండూ ఒకే కాలంలో ఉండకూడదు. ఒకే సీజన్‌లో రెండు జట్లకు ఆడవద్దని పిచ్ స్మార్ట్ కూడా చెబుతుంది. డాక్టరు అనుమతించాక వసంతమంతా స్కూలు జట్టుకే, అదీ పిచ్చర్‌గా కాకుండా ముందు ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డర్‌గానో, బ్యాటర్‌గానో మొదలుపెట్టవచ్చు. స్కూలు సీజన్ ముగిశాక జూన్, జూలై నెలల్లో ట్రావెల్ టీమ్. ఏడాదిలో నాలుగు నెలలు పిచ్చింగ్ ఉండకూడదు, వాటిలో రెండు మూడు నెలలు వరుసగా ఏ బంతీ తల పైనుంచి విసరకూడదన్నది కూడా ఆ సూచనల్లోనిదే. మీకు దానికి అనువైనది సెప్టెంబరు తరువాతి కాలం. అప్పుడు ఫాల్ సీజన్ అంటూ ఇంకో ఫీజు కట్టమని ఎవరైనా అడిగితే దసరా సెలవులని చెప్పండి, అక్కడ దసరాకు సెలవులు లేకపోయినా సరే. ఏడాది మొత్తం మీద వంద ఇన్నింగ్స్ (బేస్‌బాల్‌లో పిచ్చర్‌కు ఒక ఇన్నింగ్స్ అంటే ఎదుటి జట్టులో ముగ్గురు అవుటయ్యేవరకు) దాటకూడదు. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి, తేదీ, ఎవరి మైదానం, ఎన్ని బంతులు అన్న మూడు గడులు గీయండి. ప్రాక్టీసులో, ప్రైవేటు క్లాసులో వేసినవి కూడా అందులో ఉండాలి. ఆ అంకెలు రాసే బాధ్యత మీదీ కాదు, మీవారిదీ కాదు, అబ్బాయిది.

కోచ్‌లతో మాట్లాడవలసింది కూడా అతనే. అమెరికా కోచ్‌లు తల్లిదండ్రుల ఫోన్ల కన్నా ఆటగాడి మాటనే గౌరవిస్తారు. మోచేయి నొప్పిగా ఉంది, డాక్టరుకు చూపించుకుంటున్నాను, స్కూలు సీజన్ అయ్యేవరకు మీ టోర్నమెంట్లకు రాలేను, వేసవిలో రావాలని ఉంది అని నాలుగు వాక్యాల మెయిల్ చాలు, దాన్ని రాసేటప్పుడు మీరిద్దరూ పక్కన కూర్చోండి. ట్రావెల్ కోచ్ అతని స్థానాన్ని వేరే పిల్లవాడికి ఇవ్వవచ్చు, ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి. రాష్ట్రాన్ని బట్టి, జిల్లాను బట్టి బయటి జట్ల గురించి నియమాలు మారుతుంటాయి కనుక స్కూలు అథ్లెటిక్ డైరెక్టరును కూడా ఒకసారి అడిగి ఉంచడం మంచిది.

ఇక మీవారు. మాటలు లేని పది రోజుల తరువాత మొదటి మాట “నేను చెప్తూనే ఉన్నాను కదా” అయితే ఆయన చెవికి అది మీ మామగారి గొంతులా వినబడుతుంది. చదువు కోసం ఒకప్పుడు తన చేతిలోని బంతి లాక్కున్న మాటను ఇప్పుడు భార్య నోట మళ్లీ వినవలసి వస్తోంది. కొడుకును మైదానంలో ఉంచడానికి ఆయన అంత పట్టుదలగా ఉండడంలో వింతేమీ లేదు. అందుకే వాదన వద్దు, అంకెల కాగితం కూడా మొదటే వద్దు. అత్తగారు నిద్రపోయాక, పిల్లలు గదుల్లోకి వెళ్లాక, “వాడి చేయి నొప్పిగా ఉందట, మనిద్దరికీ చెప్పడానికి భయపడ్డాడు” అని మాత్రం చెప్పి ఆగండి. ఫాస్ట్ బౌలర్‌గా ఉన్నవారికి భుజం నొప్పి ఎలా ఉంటుందో మీకన్నా నాకన్నా బాగా తెలుసు. కుర్ర ఫాస్ట్ బౌలర్లు ఒక రోజులో ఎన్ని ఓవర్లు వేయవచ్చో ఇంగ్లండ్ బోర్డు వయసువారీగా హద్దులు పెట్టిందన్న సంగతి ఆయనకు తెలిసే ఉంటుంది. డాక్టరు దగ్గరకు అబ్బాయిని ఆయననే తీసుకెళ్లమనండి, మీరు ఇంట్లో ఉండండి. ఆట మాన్పించేవాడిగా కాకుండా, చేయి కాపాడేవాడిగా ఆయన నిలబడే అవకాశం ఆ గదిలో దొరుకుతుంది.

చివరిగా మీ అమ్మాయి. పదకొండేళ్ల పిల్ల అన్నయ్య రహస్యాన్ని రెండు వారాలు మోసింది. అబ్బాయితో మాట్లాడేటప్పుడు సంగతి మీకెలా తెలిసిందో దాచి, ఏదో మాత్రల సీసా కనబడిందని కథ అల్లకండి. వాడికి ఇట్టే తెలిసిపోతుంది, ఆ కోపం చెల్లెలి మీద పడుతుంది. చెల్లి నీ కోసం భయపడి చెప్పింది, చెప్పడమే మంచిదయింది అని ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి అనండి. అంతకన్నా ముందు, ఈ రాత్రే, ఆ పిల్లను పక్కన పడుకోబెట్టుకుని ఇక ఆ సంగతి నువ్వు మోయనక్కర్లేదని చెప్పండి.