సమాధానం: మిడ్ పేపర్లో సీఓ2, ఎల్3 అంటే ఏంటి?

తమ్ముడూ, థర్మోడైనమిక్స్ మిడ్ పేపర్లో ప్రశ్నల పక్కన సీఓ2, ఎల్3 అని ఎందుకుంటుంది, అంత రాసినా మార్కులెందుకు పడలేదు అన్నావు. సీఓ అంటే కోర్స్ అవుట్‌కమ్, ఆ సబ్జెక్టు అయ్యేసరికి నీకు రావాల్సిన వాటిలో ఒకటి; పక్కనున్న 2 అది ఎన్నోదో చెప్పే నంబరు. ఎల్ అనేది బ్లూమ్ స్థాయి (లెవెల్), అంటే ప్రశ్న ఎంత లోతు ఆలోచన అడుగుతోందో చెప్పేది: ఎల్1 గుర్తుంచుకోవడం, ఎల్2 అర్థం చేసుకోవడం, ఎల్3 లెక్కలో వాడి చూపించడం. నీ మార్కులు పోయింది అక్కడే అనుకుంటా. ఎల్3 ప్రశ్నకి ఒట్టో సైకిల్ (పెట్రోల్ ఇంజన్ ఆదర్శ చక్రం) థియరీ రెండు పేజీలు నింపినా పెద్దగా రాలవు. కంప్రెషన్ రేషియో 8, గామా (వాయువు విశిష్టోష్ణాల నిష్పత్తి) 1.4 ఇస్తే ఎఫిషియెన్సీ 56.5 శాతం దగ్గర తేలాలి, పక్కన పీవీ (ప్రెషర్-వాల్యూమ్) డయాగ్రమ్ పడాలి.

పీఈఓల (ప్రోగ్రామ్ ఎడ్యుకేషనల్ ఆబ్జెక్టివ్స్) గొడవ ఇప్పుడొద్దు, అవి డిగ్రీ అయిన కొన్నేళ్లకి మీరెక్కడుండాలన్న లక్ష్యాలు. కోర్సులకి గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ వాళ్లొచ్చినప్పుడు డిపార్ట్‌మెంట్ గోడమీద మెరుస్తుంటాయి! పీఓల్లో (ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్, డిగ్రీ అయ్యేసరికి రావాల్సినవి) మాత్రం టీమ్‌వర్క్ కూడా ఉంది, కాబట్టి మినీ ప్రాజెక్టుకి నలుగురూ కలిసి బండ్ల షెడ్లుండే విజయవాడ ఆటోనగర్ వెళ్లండి. సిలబస్‌లో సీఓలు చూసుకుని మిడ్-2కి కూర్చో.