మెకానికల్ చదివిన అమ్మాయి క్యాన్సర్ పరిశోధనకు వెళ్తానంటే...

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉంది. మార్కులు బాగానే వస్తున్నాయి. ఇప్పుడేమో అండాశయ క్యాన్సర్‌లో కణజాలం గట్టిదనం మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. అడిగితే, 'మెత్తగా ఉండాల్సింది ఎందుకు గట్టిపడుతోందో ఎవరో ఒకరు లెక్క తేల్చాలి కదా నాన్నా' అంటుంది. అటు డాక్టరూ కాక, ఇటు ఇంజినీరూ కాక రెంటికీ చెడ్డ రేవడి అవుతుందేమోనని మా టెన్షన్. అంతకన్నా ఏఐ కోర్సు చేసి అటువైపు నుంచే క్యాన్సర్ మీద పనిచేయొచ్చు కదా? రెండు దారులనూ పోల్చి చెప్పగలరు.

జవాబు: ఇలాంటి ప్రశ్నలు నాకు తరచూ వస్తుంటాయి. సబ్జెక్టు పేరు మారుతుంది గానీ లోపలి భయం ఒక్కటే. ముప్పై ఏళ్లొచ్చినా పిల్ల ఇంకా చదువుతూనే ఉంటుందేమో, అప్పటికి తోటివాళ్లంతా ఎక్కడికో వెళ్లిపోతారేమో అని. ఆ భయం తప్పని నేననను. పోలిక చెప్తాను. కానీ ముందు ఆమె మీతో అన్న మాట చూద్దాం. అది ఏదో గాలివాటంగా అన్న మాట కాదు.

క్యాన్సర్ అంటే కణాలు అదుపు తప్పడమని మనందరం చదువుకున్నాం. అయితే విత్తనం ఒక్కటే కాదు, అది పడిన నేల కూడా ముఖ్యమేనని స్టీఫెన్ పేజెట్ అనే ఇంగ్లిష్ సర్జన్ 1889లోనే చెప్పాడు. ఇక్కడ నేల అంటే గడ్డ చుట్టూ ఉండే కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు, వాటిని తయారుచేసే ఫైబ్రోబ్లాస్టులనే కణాలు, రక్తనాళాలు, రోగనిరోధక కణాలు. అండాశయ క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించేది హై-గ్రేడ్ సీరస్ రకం. చాలామందిలో అది నిజానికి ఫాలోపియన్ నాళం చివర మొదలవుతుంది. అక్కడి నుంచి కణాలు గుంపులుగా ఊడి, పొట్టలోని ద్రవంలో తేలుతూ వెళ్లి ఒమెంటమ్ మీద వాలతాయి. పేగుల ముందు దుప్పటిలా వేలాడే కొవ్వు పొర అది. మామూలుగా చాలా మెత్తగా ఉంటుంది. జబ్బు ముదిరినవాళ్లలో అదే పొర దళసరిగా, గట్టి ముద్దగా మారిపోతుంది. డాక్టర్లు దాన్ని ఒమెంటల్ కేక్ అంటారు.

ఆ మార్పులో క్యాన్సర్ కణాల చెయ్యి ఉంది. అవి పంపే టీజీఎఫ్-బీటా లాంటి సంకేతాలకు ఫైబ్రోబ్లాస్టులు రెచ్చిపోయి కొల్లాజెన్‌ను పోగుచేస్తాయి. లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఆ పోగులను ఒకదానికొకటి బిగిస్తుంది. అలా గట్టిపడ్డ నేలను క్యాన్సర్ కణాలు తమ పైపొరలోని ఇంటెగ్రిన్‌లనే ప్రొటీన్లతో పట్టుకుని లాగి చూస్తాయి. ఎంత బలంగా లాగాల్సి వస్తోందన్న సమాచారం ఎఫ్‌ఏకే అనే ప్రొటీన్ మీదుగా లోపలికి వెళ్తుంది. దాన్నిబట్టి ఏ జన్యువులు పనిచేయాలో కూడా మారుతుంది. 2018లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీలో ఫ్రాన్సెస్ బాల్క్‌విల్ బృందం రోగుల ఒమెంటమ్ నమూనాలలో జన్యువులు, ప్రొటీన్లు, కణాలతో పాటు గట్టిదనాన్ని కూడా కొలిచింది. ఆ నేలకు సంబంధించిన 22 జన్యువుల తీరును బట్టి రోగులు ఎంతకాలం బతుకుతారన్నది కొంతవరకు అంచనా వేయవచ్చని చూపింది, అదీ అండాశయ క్యాన్సర్ ఒక్కదానిలోనే కాదు.

ఇందులో మెకానికల్ అమ్మాయికి పనేమిటంటారా? గట్టిదనం కొలిచే పద్ధతిని కాస్త దగ్గరగా చూడండి. ఆపరేషన్‌లో తీసిన చిన్న ముక్కను ఉప్పు ద్రావణంలో ఉంచి, అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ కింద పెడతారు. సన్నటి పలక చివర కంటికి కనపడని పూస ఒకటి అంటించి ఉంటుంది. దాన్ని ముక్క మీద ఒక మైక్రాన్ లోతుకు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు మేర, నొక్కుతారు. పలక ఎంత వంగిందో లేజర్ చెబుతుంది. లోతుకూ బలానికీ గీత వస్తుంది. ఆ గీత నుంచి గట్టిదనాన్ని పాస్కల్స్‌లో రాబట్టడానికి చాలామంది వాడేది 1880ల నాటి హెర్ట్జ్ సూత్రం. బాల్ బేరింగుల పాఠంలో మీ అమ్మాయి చదివింది అదే. పూస సరిగ్గా ఎక్కడ తాకిందన్నది తప్పుగా గుర్తిస్తే అంకె తారుమారవుతుంది. పది మైక్రాన్లు పక్కకు జరిగితే ఇంకో అంకె వస్తుంది. ఏ అంకెను నమ్మాలి, ఎన్ని చోట్ల నొక్కాలి, కణజాలం స్ప్రింగులా కాక జిగటగా కూడా ప్రవర్తిస్తుంటే ఏం చేయాలి? ఇవన్నీ ఇంజినీరు ప్రశ్నలే. బయాలజీ మాత్రమే చదివి వచ్చిన పిల్లలు చాలామంది ఇక్కడే తడబడతారు.

కాబట్టి రెంటికీ చెడ్డ రేవడి అన్న మాట ఇక్కడ అతకదు. ఈ పనికి కావలసిందే రెండు వైపులా కాలుపెట్టగల మనిషి.

ఇక ఏఐ సంగతి. ఏఐని నేను తీసిపారేయడం లేదు. గడ్డల స్లైడ్ల ఫొటోలను చదవడంలో, ప్రొటీన్ల ఆకారం అంచనా వేయడంలో అది చేస్తున్న పని నిజమైనదే. నా అనుమానమంతా 'కోర్సు చేసి అటువైపు నుంచే' అన్న మీ ఆలోచన మీద. యంత్రం నేర్చుకోవాలంటే డేటా ఉండాలి. క్యాన్సర్ మీద ఇప్పుడు దొరికే జన్యు డేటాలో చాలా భాగం కణజాలాన్ని నూరి తీసింది. నూరిన ముక్క ఎంత గట్టిగా ఉండేదో ఎవరు చెప్పగలరు? ఆసుపత్రులలో కణజాలం ముక్కలను పొదిగి ఏళ్ల తరబడి దాచిన మైనపు దిమ్మెలు ఉంటాయి కదా అనొచ్చు. ఆ ముక్కలను మైనంలో పొదిగేముందు ఫార్మాలిన్‌లో నానబెడతారు. ఫార్మాలిన్ ప్రొటీన్లను బిగించేస్తుంది, అసలు గట్టిదనం అక్కడే పోతుంది. అంటే తాజా ముక్క వచ్చిన రోజున ఎవరో కూర్చుని కొలిస్తే తప్ప ఆ అంకె ఈ లోకంలో ఎక్కడా ఉండదు. లేని అంకె మీద ఏ మోడల్‌కు శిక్షణ ఇస్తారు? ఆర్నెల్ల కోర్సు చేసి, అందరూ దించుకున్న డేటానే దించుకుని, అందరూ నడిపిన కోడ్‌నే నడిపేవాళ్లు ఇప్పటికే బోలెడుమంది ఉన్నారు. ఆ గుంపులో మీ అమ్మాయి కూడా ఒకరవుతుంది, అంతే. కొలవడం వచ్చినవాళ్లు కోడింగ్ నేర్చుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. కోడింగ్ మాత్రమే వచ్చినవాళ్లు తరవాత ల్యాబ్ పని నేర్చుకోవడం చాలా అరుదు.

ఆమె ఎంచుకున్న దారిలోని కష్టాలు కూడా దాచను. గట్టిదనాన్ని తగ్గిస్తే క్యాన్సర్ లొంగుతుందని ఒకప్పుడు చాలా ఆశలు పెట్టుకున్నారు. గడ్డ చుట్టూ ఉండే హయలురోనన్ అనే జిగురు పదార్థాన్ని కరిగించే మందును పాంక్రియాస్ క్యాన్సర్‌లో పెద్ద ట్రయల్‌లో పరీక్షిస్తే 2019లో విఫలమైంది. అండాశయ క్యాన్సర్ ఇంకా చిక్కు. చుట్టూ నేల గట్టిపడుతుంటే, ఎక్కువగా చొచ్చుకుపోయే క్యాన్సర్ కణాలు మాత్రం తాము మెత్తగా ఉంటాయి. కొన్ని ప్రయోగాలలో ఆ కణాలు మెత్తని జెల్ మీదే ఎక్కువ చురుగ్గా కదిలాయి. నేల గట్టిపడితే కణాలు మరింత చొచ్చుకుపోతాయని రొమ్ము క్యాన్సర్‌లో నేర్చుకున్న పాఠం ఇక్కడ ఉన్నదున్నట్టు పనికిరాదు. మరోవైపు, పైన చెప్పిన ఎఫ్‌ఏకేను అడ్డుకునే డిఫాక్టినిబ్‌ను అవుటోమెటినిబ్ అనే ఇంకో మందుతో కలిపి ఇవ్వడానికి 2025 మేలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. అదీ లో-గ్రేడ్ సీరస్ అనే అరుదైన రకం తిరగబెట్టినప్పుడు, కేఆర్ఏఎస్ అనే జన్యువులో మార్పు (మ్యుటేషన్) ఉన్నవారికి మాత్రమే. గట్టిదనానికి మందు దొరికిందని దానర్థం కాదు. తేలాల్సిన ప్రశ్నలు ఇన్ని ఉన్నచోట పీహెచ్‌డీ చేసేవారికి పనికి కరువుండదు.

పోలిక అడిగారు కాబట్టి చెప్తున్నాను. ఏఐ ఉద్యోగంలో జీతం ముందే మొదలవుతుంది, పోటీ విపరీతం, నేర్చుకున్న టూల్ తొందరగా పాతబడుతుంది. పీహెచ్‌డీకి నాలుగు నుంచి ఆరేళ్లు, చేతికొచ్చేది స్టైపెండ్. ఆ తరవాత యూనివర్సిటీల్లో పర్మనెంట్ పోస్టులు తక్కువ. అవి దొరక్కపోతే వీధిన పడుతుందా? పడదు. కాలేయం గట్టిదనాన్ని సూది గుచ్చకుండా కొలిచే ఎలాస్టోగ్రఫీ యంత్రాలు ఇప్పుడు ఆసుపత్రులలో మామూలైపోయాయి. అలాంటి పరికరాలు తయారుచేసే సంస్థలకూ, ఇంప్లాంట్లు, బయోమెటీరియల్స్ మీద పనిచేసే కంపెనీలకూ మెత్తని వస్తువుల మెకానిక్స్ తెలిసినవాళ్లు కావాలి. ఇమేజ్ అనాలిసిస్, ఫైనైట్ ఎలిమెంట్ మోడలింగ్, స్టాటిస్టిక్స్ ఈ పనిలో ఎలాగూ వంటబడతాయి. అవి ఎక్కడికెళ్లినా అన్నం పెడతాయి.

ఒక మాట కోపగించుకోకుండా వినండి. మీ అమ్మాయి దారి గురించి మీరు నలుగురిని అడిగి ఉంటారు, నన్నూ అడిగారు. ఆమె ఏ పేపర్లు చదివిందో, ఏ ల్యాబ్ గురించి ఆలోచిస్తోందో ఆమెనే అడిగారా? అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు. 'కోర్సు చేసి అటువైపు నుంచే' అన్న మీ మాటలో, ఆమె ప్రశ్నను పక్కన పెట్టేసి క్యాన్సర్ అన్న పేరు మాత్రం ఉంచితే సరిపోతుందన్న ధోరణి కనిపిస్తోంది. పిల్లలకు అది వెంటనే అర్థమవుతుంది. ఇంట్లో తన ప్రశ్నను ఎవరూ పట్టించుకోవడం లేదని తెలిసిన పిల్ల, ఏ కోర్సులో చేరినా మనసు పెట్టి చదవదు. భయం మీది. దాని బరువు ఆమె మీద మోపకండి.

ప్రవేశ పరీక్షల సంగతి ఆమెకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు. చేయాల్సింది ఇది. పీహెచ్‌డీకి అప్లై చేసేముందు రెండు మూడు నెలలు ఏదైనా ల్యాబ్‌లో ఇంటర్న్‌గా కూర్చోమనండి. జెల్లులు పోయడం, కణాలు పెంచడం, సాయంత్రం ఎప్పుడో వచ్చే ముక్క కోసం కాచుకుని ఉండటం, పాడైన గీతలను తీసేసి మళ్లీ కొలవడం ఆమెకు సరిపడతాయో లేదో అక్కడే తెలుస్తుంది. ఓపిక లేదనిపిస్తే తిరిగి వచ్చేయొచ్చు, అందులో పరువు పోయేదేమీ లేదు. ఈలోగా సెల్ బయాలజీ, హిస్టాలజీ (కణజాలాల నిర్మాణం గురించిన శాస్త్రం) పునాదుల నుంచి చదవాలి. ఇది మాత్రం తప్పించుకోలేదు.

ఇక గైడ్‌ను ఎంచుకునేటప్పుడు యూనివర్సిటీ పేరు చూసి మురిసిపోకుండా మూడు సంగతులు అడగమనండి. రోగుల నుంచి తాజా నమూనాలు వస్తాయా, ఆసుపత్రితో ఒప్పందం, ఎథిక్స్ అనుమతి ఇప్పటికే ఉన్నాయా, లేక 'వస్తాయి' అంటున్నారా? కొలిచే యంత్రం ల్యాబ్‌లోనే ఉందా, వేరే డిపార్ట్‌మెంట్‌లో వంతు కోసం ఎదురుచూడాలా? ఇంతకుముందు అక్కడ పీహెచ్‌డీ చేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? మూడోదానికి జవాబు గైడ్ దగ్గరే కాక, ఆ పాత విద్యార్థులకే నేరుగా మెయిల్ రాసి కనుక్కోమనండి. మొదటిదానికి సూటిగా జవాబు రాకపోతే ఇంకో ల్యాబ్ చూసుకోవడమే మంచిది.