సియాటిల్ నుంచి డిసెంబరులో 21 అడుగుల బోటు మీద పోర్ట్ టౌన్‌సెండ్ వెళ్లొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదండీ. వేసవిలో లేక్ వాషింగ్టన్‌లో తిప్పిన 21 అడుగుల అవుట్‌బోర్డ్ బోటు ఉంది. క్రిస్మస్ సెలవుల్లో భార్యనీ పదేళ్ల బాబునీ తీసుకుని, బల్లార్డ్ లాక్స్ (సరస్సుకీ సముద్రానికీ మధ్య బోట్లని ఎత్తి దించే గేట్లు) దాటి ఉప్పునీళ్లలోకి దిగి, పోర్ట్ టౌన్‌సెండ్ వెళ్లి, వీలైతే అక్కణ్ణుంచి శాన్ వాన్ దీవులు చూసి రావాలి. టైడ్ యాప్ ఉంది, గాలి యాప్ ఉంది. ఇంకేం చూసుకోవాలి?

శాన్ వాన్ దీవుల మాట ఈ సెలవులకి వదిలేయండి. పోర్ట్ టౌన్‌సెండ్ మాత్రం మంచి రోజు దొరికితే వెళ్లొచ్చు. కాకపోతే తిరిగి రావడానికి ఒకటి రెండు రోజులు ఆగాల్సి రావచ్చు, ఆఫీసుకి లేటయినా పర్వాలేదనుకుంటేనే బయల్దేరండి. నేను ఎడ్మండ్స్ వైపు ఉంటాను, చలికాలమంతా కూడా బోటు నీళ్లలోనే ఉంచుతాను. నాకు తెలిసింది రాస్తున్నాను.

మీ దగ్గరున్న ఆ రెండు యాప్‌లనీ విడివిడిగా చూస్తే పెద్దగా ఉపయోగం లేదు. గాలి ఎటు నుంచి వస్తోంది, అదే గంటలో నీళ్లు ఎటు పోతున్నాయి అన్నవి ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చూడాలి. రెండూ ఒకే దిక్కుకి పోతుంటే 18 నాట్స్ (ఒక నాట్ అంటే గంటకి సుమారు 1.85 కి.మీ.) గాలి కూడా భరించగలం. ఎదురెదురుగా వస్తే 15 నాట్స్‌కే అలలు పొట్టిగా, నిటారుగా, దగ్గర దగ్గరగా లేచి మీ సైజు బోటుని ఎత్తి ఎత్తి కుదేస్తాయి. సరస్సులో ప్రవాహం అనేదే లేదు కాబట్టి ఈ లెక్క మీకు ఇన్నాళ్లూ అవసరం పడలేదు.

పుజెట్ సౌండ్‌లో (సియాటిల్ ముందున్న సముద్రపు పాయ) పోటు వచ్చేటప్పుడు నీళ్లు దక్షిణానికి, ఆటులో ఉత్తరానికి పోతాయి. చలికాలం తుపాను గాలులు ఎక్కువగా దక్షిణం నుంచే వస్తాయి. కాబట్టి దక్షిణపు గాలి ఉన్న రోజు ఆటులో బయల్దేరితే ప్రయాణం హాయిగా ఉంటుంది. గాలీ నీళ్లూ రెండూ వెనక నుంచి తోస్తాయి. ఎడ్మండ్స్ దగ్గర ప్రవాహం అసలు తెలియదు కూడా, అక్కడ లోతు ఎక్కువ. పాయింట్ నో పాయింట్ అనే చోటు దాటాక, ముఖ్యంగా అడ్మిరాల్టీ ఇన్‌లెట్ ఇరుకులో వేగం పెరుగుతుంది. పెద్ద ఆటు రోజుల్లో 4 నాట్స్ దాటుతుంది. ఆ దారిలోనే ఫౌల్‌వెదర్ బ్లఫ్ అనే కొండకొమ్ము ఉంది. 1792లో జార్జ్ వాంకూవర్ ఇక్కడి వాతావరణం చూశాకే ఆ పేరు పెట్టాడు, ఊరికే పెట్టలేదు.

అదే ఆటు పాయింట్ విల్సన్ దగ్గరికి వచ్చేసరికి తిరగబడుతుంది. అక్కణ్ణుంచి నీళ్లు పడమరకి మళ్లి వాన్ డి ఫ్యూకా జలసంధిలోకి పోతాయి. ఎదురుగా పసిఫిక్ వైపు నుంచి పడమటి గాలీ, దూరం నుంచి వచ్చిన అలలూ. రెండూ ఢీకొన్న చోట, చుట్టూ నీళ్లు మామూలుగా ఉండి ఆ ఒక్క చోటే ఎసరు మరుగుతున్నట్టు ఉంటుంది. పోర్ట్ టౌన్‌సెండ్ రేవు పాయింట్ విల్సన్‌కి ఇవతలే ఉంది కాబట్టి అక్కడిదాకా వెళ్లడానికి ఆ మూల తిరగక్కర్లేదు. శాన్ వాన్ దీవులకైతే తిరగాల్సిందే, తర్వాత జలసంధి తూర్పు భాగమంతా అడ్డంగా దాటాల్సిందే. అందుకే ఒకదానికి సరే అని, రెండోదానికి వద్దని చెప్పాను. మార్రోస్టోన్ పాయింట్ దగ్గర కూడా నీళ్లు కొంచెం గలాటా చేస్తాయి. అక్కడ బాగోలేదనిపిస్తే ఇండియన్ ఐలండ్ పక్కనుంచి పోర్ట్ టౌన్‌సెండ్ కెనాల్ ఉంది. అందులోనూ ప్రవాహం ఉంటుంది కానీ అలల బాధ ఉండదు.

బోటు తియ్యకముందే ఒక శనివారం కారులో ఫోర్ట్ వర్డెన్ పార్కుకి వెళ్లండి. ఆటు జోరుగా ఉండి పడమటి గాలి వీచే గంట చూసుకుని పాయింట్ విల్సన్ లైట్‌హౌస్ దగ్గర నిలబడండి. మా తమ్ముడు అమెరికా వచ్చినప్పుడు నేను ఇదే చూపించాను. అప్పటిదాకా ‘అన్నయ్యా, మనం కూడా దీవులకి పోదాం’ అన్నవాడు ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. ఇంకో సులువైన గుర్తు ఉంది. పోర్ట్ టౌన్‌సెండ్, కూప్‌విల్ మధ్య తిరిగే స్టేట్ ఫెర్రీని గాలికో, ప్రవాహానికో రద్దు చేస్తుంటారు. టైడ్ వల్ల రద్దయ్యే అవకాశమున్న ట్రిప్పుల్ని ముందే షెడ్యూల్లో గుర్తు పెట్టి ఉంచుతారు. అంత పెద్ద ఫెర్రీ ఆగిందంటే మీరు కాఫీ తాగుతూ కూర్చోవచ్చు.

అసలు టెన్షన్ తిరుగు ప్రయాణానిది. దక్షిణపు గాలి బలపడితే ఇంటికి ఎదురుగాలిలో రావాలి. పోటుతో పాటు వద్దామంటే నీళ్లు గాలికి ఎదురు, కాబట్టి అలలు నిటారు. ఆటులో వద్దామంటే అలలు కాస్త మెత్తబడతాయి కానీ గాలీ నీళ్లూ రెండూ మిమ్మల్ని వెనక్కి నెడతాయి. పెట్రోలు ఖర్చు, టైము ఖర్చు. బల్లార్డ్ లాక్స్ బయటున్న షిల్షోల్ నుంచి పోర్ట్ టౌన్‌సెండ్ సుమారు 35 నాటికల్ మైళ్లు. డిసెంబరు చివర్లో సూర్యుడు పొద్దున ఎనిమిదికి కొంచెం ముందు వస్తాడు, సాయంత్రం 4:20కే పోతాడు. అందుకే వెళ్లే రోజు వాతావరణం కన్నా వచ్చే రోజుది ముందు చూడండి.

ఇక టైడ్ సంగతి. ఇక్కడ రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి కానీ ఏ రెండూ సమానంగా ఉండవు. విశాఖలో పెద్ద టైడ్ రోజుల్లో తేడా ఒకటిన్నర మీటరు దరిదాపుల్లో ఉంటే, సియాటిల్‌లో మామూలుగానే సగటున 11 అడుగుల పైమాట, అంటే దాదాపు మూడున్నర మీటర్లు. డిసెంబరు, జనవరి నెలల్లో అమావాస్య, పౌర్ణమి దగ్గర ఇంకా పెరుగుతుంది. ఇక్కడ వీటిని కింగ్ టైడ్స్ అంటారు. ఆ రోజుల్లో చంద్రుడు భూమధ్యరేఖకి బాగా ఎడంగా ఉంటాడు, పైగా జనవరి మొదట్లో భూమి సూర్యుడికి అతి దగ్గరగా వస్తుంది. మా ఇంట్లో గోడకున్న తెలుగు క్యాలెండర్ తిథులు చూసి, ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా, ఏ వారం జాగ్రత్తగా ఉండాలో ముందే చెప్పేయొచ్చు. గంటలకి మాత్రం అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా వాళ్ల పట్టికే చూడాలి.

చలికాలంలో బాగా లోతైన ఆటు రాత్రిపూట వస్తుంది. వేసవిలో పగలు వస్తుంది, పిల్లల్ని బీచికి తీసుకెళ్లి నక్షత్ర చేపలు చూపించేది అప్పుడే. డిసెంబరులో పెద్ద టైడ్ రోజున పగలు నీళ్లు పెద్దగా కదలవు. సాయంత్రం నాలుగింటికి ఒక 10 అడుగులు ఉన్న నీళ్లు రాత్రి 11కి పట్టికలోని సున్నా కన్నా 2 అడుగులు కిందికి పోతాయి. అంటే ఏడు గంటల్లో 12 అడుగులు దిగిపోయాయి! ప్రవాహం ఉధృతి కూడా అప్పుడే, చీకట్లో. నాలుగులోపు రేవులో ఉంటే దాన్ని చాలావరకు తప్పించుకున్నట్టే. కానీ యాంకర్ వేస్తే ఈ లెక్క మర్చిపోకూడదు. సాయంత్రం లోతు చూపే సోనార్‌లో 14 అడుగులు కనిపిస్తే చాలనిపిస్తుంది, అర్ధరాత్రికి అక్కడ మిగిలేది రెండడుగులు. ఈసారికి యాంకర్ వద్దు, మెరీనాలో తేలే డాక్‌కే కట్టండి. డాక్ నీళ్లతో పాటు దిగుతుంది కాబట్టి ఒడ్డు నుంచి దిగే ర్యాంపు రాత్రికి నిటారుగా అయిపోతుంది, పైగా మంచు పట్టి జారుతుంది. బాబుని ఒంటరిగా పంపకండి.

టైడ్ పట్టికలో వాతావరణం ఉండదు. గాలి పీడనం ఒక మిల్లీబార్ తగ్గితే నీటిమట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అల్పపీడనమూ కింగ్ టైడూ ఒకే రోజు కలిసొస్తే ఏమవుతుందో 2022 డిసెంబరు 27న సియాటిల్ సౌత్ పార్క్ వాళ్లు చూశారు, డువామిష్ నది నీళ్లు ఇళ్లలోకి వచ్చేశాయి. బోటు వాళ్లకి దీని వల్ల వచ్చే తలనొప్పి దుంగలు. బీచిలో ఏడాదంతా పడి ఉన్న పెద్ద పెద్ద దుంగల్ని ఆ నీళ్లు ఎత్తుకుపోతాయి, వానలకి నదులు ఇంకొన్ని తెచ్చి పోస్తాయి. సగం మునిగి తేలే దుంగని 25 నాట్స్ వేగంలో కొడితే అవుట్‌బోర్డ్ కింది భాగం పోతుంది. కింగ్ టైడ్ తర్వాత కొన్ని రోజులు నేను వేగం బాగా తగ్గిస్తాను, ఒకరిని ముందు నిలబెట్టి చూడమంటాను. చీకటి పడ్డాక అసలు కదలను.

గాలికి యాప్‌లోని రంగు బాణాల కన్నా నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్ల మెరైన్ ఫోర్‌కాస్ట్ చదవండి. ‘పుజెట్ సౌండ్, హుడ్ కెనాల్’ ఒక భాగం, ‘అడ్మిరాల్టీ ఇన్‌లెట్’ ఒకటి, జలసంధి తూర్పు ద్వారం ఇంకొకటి. మీకు మొదటి రెండూ కావాలి. సియాటిల్ దగ్గర గాలి నిమ్మళంగా ఉండి అడ్మిరాల్టీలో దంచుతున్న రోజులు బోలెడు. 21 నుంచి 33 నాట్స్ వస్తే స్మాల్ క్రాఫ్ట్ అడ్వైజరీ, 34 నుంచి గేల్ వార్నింగ్. 18 భరించగలం అన్నది వేరు, బయల్దేరడానికి మీ బోటుకి నా సొంత హద్దు 12 నాట్స్, ఎదురు ప్రవాహమైతే అంతకన్నా తక్కువ. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతుంది, అందుకే 12కీ 24కీ తేడా కాగితం మీద కనిపించినంత చిన్నది కాదు. బయల్దేరే ముందు వెస్ట్ పాయింట్, స్మిత్ ఐలండ్ స్టేషన్లలో ఆ గంటకి నిజంగా ఎంత వీస్తోందో చూడండి. ఫోర్‌కాస్ట్‌కీ దానికీ పొంతన లేకపోతే ఆగిపోండి.

రెండు సందర్భాలు కొత్తవాళ్లని బాగా బురిడీ కొట్టిస్తాయి. ఒకటి, ఫ్రంట్ (వేడి గాలికీ చల్లటి గాలికీ మధ్య సరిహద్దు) దాటిపోగానే దక్షిణపు గాలి చచ్చుబడి వాన ఆగి అంతా ప్రశాంతంగా అనిపించడం. చాలాసార్లు అదే సమయానికి జలసంధిలో పడమటి గాలి ఊపందుకుంటుంది. రెండోది, నీలాకాశం, మంచి ఎండ, కొరికే చలి. కెనడా లోపలి నుంచి చల్లటి గాలి ఫ్రేజర్ నది లోయ గుండా బెల్లింగ్‌హామ్ మీదకీ దీవుల మీదకీ ఈశాన్యం నుంచి విరుచుకుపడే రోజు సరిగ్గా ఇలాగే ఉంటుంది. బాగా చలి ఉంటే ఎగిరిన తుంపరలు బోటు మీదే గడ్డకడతాయి. ఫోటోలకి మాత్రం ఆ రోజు అద్భుతంగా ఉంటుంది, అది వేరే సంగతి.

నీళ్ల చలి గురించి తక్కువగా చెబుతాను, ఎందుకంటే ఇందులో వాదించడానికేం లేదు. చలికాలంలో ఇక్కడ నీళ్లు 8, 9 డిగ్రీల సెల్సియస్. పడ్డ మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు, పది నిమిషాల్లో చేతులు పనిచేయడం మానేస్తాయి, స్పృహ పోవడానికి దాదాపు గంట. మొదటి రెండిటికీ లైఫ్ జాకెట్ ఒంటిమీద ఉండాలి, సీటు కింద ఉంటే లాభం లేదు. మీ బోటు 19 అడుగులు దాటింది కాబట్టి బాబుకి వేసుకునే ఉండాలన్న రాష్ట్ర చట్టం వర్తించదు, అయినా ముగ్గురూ వేసుకోండి. నడిపేవాడు పడిపోతే ఇంజిన్ ఆపే తాడు (లాన్యార్డ్) తగిలించుకోవడం మాత్రం 26 అడుగుల లోపు బోట్లకి 2021 ఏప్రిల్ నుంచి ఫెడరల్ చట్టమే. నీళ్లలోంచి పైకెక్కే నిచ్చెన కింద ఉన్నవాడి చేతికి అందుతుందో లేదో రేవులోనే చూసుకోండి. వీహెచ్‌ఎఫ్ రేడియో కొనండి, అత్యవసరానికి 16వ ఛానెల్. 14లో ఓడల రాకపోకలు చూసే సియాటిల్ ట్రాఫిక్ వాళ్ల మాటలు వింటుంటే పొగమంచులో పెద్ద ఓడలు ఎక్కడున్నాయో తెలుస్తుంది.

మొదటి చలికాలం ట్రిప్పుగా నన్నడిగితే పోర్ట్ టౌన్‌సెండ్ కన్నా పౌల్స్‌బో చెబుతాను. షిల్షోల్ నుంచి సౌండ్ దాటగానే మిగతా దారంతా దాదాపు లోపలి నీళ్లే. మధ్యలో అగేట్ పాసేజ్ దగ్గర ప్రవాహం 5, 6 నాట్స్ దాకా పోతుంది, దాన్ని స్లాక్ సమయానికి, అంటే ప్రవాహం ఆగి దిక్కు మారే వేళకి దాటండి. స్లాక్ గంట టైడ్ పట్టికలో దొరకదు, ప్రవాహాల (కరెంట్ల) పట్టిక విడిగా ఉంటుంది. నీటిమట్టం మారే గంటా, ప్రవాహం ఆగే గంటా ఒకే సమయానికి రావు, ఇది మాత్రం గుర్తుంచుకోండి. పౌల్స్‌బోలో గాలి చెడిపోయి చిక్కుకున్నా బోటు వదిలేసి రోడ్డు మీద ఇంటికి వచ్చేయొచ్చు. ఎక్కడికి వెళ్లినా ముందు మెరీనాకి ఫోన్ చేయండి. చలికాలంలో కొన్ని చోట్ల పెట్రోలు పంపు తొందరగా మూసేస్తారు, పైపులు పగలకుండా డాక్ మీది నీళ్ల కొళాయిలు కట్టేస్తారు.