శాతాలతో లెక్క కడితే అణుభారం 30 వచ్చింది, జవాబు 180 ఎందుకు?

తమ్ముడూ, కార్బన్ 40, హైడ్రోజన్ 6.67, ఆక్సిజన్ 53.33 శాతం ఇచ్చిన లెక్కలో నీకు 30 వచ్చింది, పుస్తకం వెనక 180 ఉంది, ఎక్కడ తప్పు పోయానని అడిగావు. నువ్వు చేసిన దాంట్లో తప్పేం లేదు. శాతాలు మనల్ని 30 దాకే తీసుకెళ్తాయి. ప్రశ్న మళ్లీ ఒకసారి చదువు, బాష్ప సాంద్రత (ఆ పదార్థం ఆవిరి హైడ్రోజన్ వాయువు కంటే ఎన్ని రెట్లు బరువో చెప్పేది) 90 అనో ఇంకేదో ఒక ముక్క ఇచ్చే ఉంటారు.

నేను హన్మకొండలో ఇంటర్ చదివేటప్పుడు ఇదే చోట ఆగిపోయాను. ఒక ఆదివారం పరకాల దగ్గర మా ఊరికి పోతే, పత్తికి వేయడానికి తెచ్చిన యూరియా బస్తా అరుగు మీద ఉంది. దాని మీద రాసిన 46 శాతం నత్రజని చూపించి బాపు "గిండ్ల అసలు మందెంత బిడ్డా?" అన్నాడు. అప్పట్లో 50 కిలోల బస్తా, 23 కిలోలని చెప్పాను. "మరి గిన్నెడు తీస్తే?" అన్నాడు. "గిన్నెడైనా పిడికెడైనా 46 శాతమే బాపూ" అన్నాను. అలా అంటుండగానే నాకు లెక్క అర్థమైంది. శాతం ఒక్కటి చెబితే అది పిడికెడో బస్తానో ఎలా తెలుస్తుంది? అణువు సంగతీ అంతే. ఫార్మాల్డిహైడ్ 30, ఎసిటిక్ ఆమ్లం 60, గ్లూకోజ్ 180. మూడింట్లోనూ శాతాలు అవే, నీకు ఇచ్చినవే.

నీ లెక్కలో CH₂O అనుభావిక ఫార్ములా, అంటే పరమాణువుల అతి చిన్న నిష్పత్తి చెప్పేది, దాని భారం 30. బాష్ప సాంద్రత 90 అయితే అణుభారం దానికి రెట్టింపు, 180. 180ని 30తో భాగిస్తే 6. అంటే C₆H₁₂O₆.

ఫార్ములా కట్టకుండా కూడా కనీస భారం పట్టొచ్చు, నాకు ఇదే బాగా నచ్చుతుంది. శుద్ధమైన యూరియాలో నత్రజని 46.67 శాతం. అణువులో కనీసం ఒక్క నత్రజని పరమాణువైనా ఉండాలి కదా, కాబట్టి దాని పరమాణు భారం 14ని 0.4667తో భాగించు, 30 వస్తుంది. కార్బన్ 20 శాతం, 12ని 0.20తో భాగిస్తే 60. ఆక్సిజన్ 26.67 శాతం, దానికీ 60. హైడ్రోజన్‌కు 15. ఈ నాలుగింటికీ క.సా.గు. 60, యూరియా అణుభారం కూడా 60. నత్రజని ఒక్కదాన్నే పట్టుకుని 30 దగ్గర ఆగితే సగమే వచ్చేది, ఎందుకంటే అణువులో నత్రజనులు రెండు.

ఒక్క జాగ్రత్త. శాతాలను పరమాణు భారాలతో భాగించి నిష్పత్తి తీసినప్పుడు 1.5 వస్తే 2 అని రాసేయకు. నేను అలా రాసి పరీక్షలో మార్కులు పోగొట్టుకున్నాను. ఇనుము 70, ఆక్సిజన్ 30 శాతం ఇచ్చారు. 70/56 అంటే 1.25, 30/16 అంటే 1.875, నిష్పత్తి 1 : 1.5. రెండింటినీ 2తో గుణిస్తే Fe₂O₃, 160. నేను FeO₂ రాసొచ్చాను. 1.98 లాంటిది వస్తేనే 2 చెయ్యి.

ఇప్పుడు ఇది చేసి చూడు. హీమోగ్లోబిన్‌లో ఇనుము సుమారు 0.35 శాతం, ఒక్కో అణువులో నాలుగు ఇనుము పరమాణువులు. 56ని 0.0035తో భాగించి 4తో గుణించు. 64,000 రావాలి, అసలు విలువ కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. వేరే ఏదైనా వస్తే నీ స్టెప్పులు ఇక్కడే రాయి, చూస్తాను.