ఎవరూ ఎత్తని ఫోను ఎంతసేపు మోగాలి?

ప్రశ్న: మా ఆఫీసులో ఫ్రీపీబీఎక్స్ (ఆఫీసు ఫోన్లను నడిపే సాఫ్ట్‌వేర్) వాడుతున్నాం. బయటి కాల్ రిసెప్షన్ ఎక్స్‌టెన్షన్ (లోపలి నంబరు) 201కి వస్తుంది. మనిషి సీటు దగ్గరికి వచ్చేలోపే వాయిస్‌మెయిల్‌కి పోతోంది. అందుకని రింగ్ గ్రూప్‌లో (ఒకే కాల్ పలు ఫోన్లకు మోగే జాబితాలో) 201, 202, 203, మేనేజరుగారి మొబైల్ వరసగా పెట్టి, ఒక్కొక్కరికి 30 సెకన్లు ఇచ్చాం. ఇప్పుడు మొబైల్ దాకా రాకుండానే కాల్ తెగిపోతోంది. ఎందుకు?

జవాబు: కాల్ తెంచేది మీ సిస్టమ్ కాదు, బయటి నెట్‌వర్క్. ఎవరూ ఎత్తని కాల్ మొబైల్‌కైతే 30, ల్యాండ్‌లైన్‌కైతే 60 సెకన్లు మోగాలని 2019లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిర్ణయించింది. మీ వరస 120 సెకన్లది. మీది ల్యాండ్‌లైన్ నంబరైతే అదంతా 60 లోపే ముగియాలి. ముందే ఐవీఆర్ (‘ఫలానా దానికి 1 నొక్కండి’ అని చెప్పే రికార్డు గొంతు) కాల్ ఎత్తుకునే పద్ధతైతే ఈ గడువు అడ్డురాదు.

ముగ్గురే ఉన్నచోట ఒకరి తర్వాత ఒకరికి మోగించడం కాలయాపనే. 201, 202, 203లతో 600 నంబరు రింగ్ గ్రూప్ పెట్టి, స్ట్రాటజీ ‘రింగాల్’ (అన్నీ ఒకేసారి మోగే పద్ధతి), రింగ్ టైమ్ 20 ఇవ్వండి. మన రింగు ఒక ఆవృత్తికి 3 సెకన్లు పడుతుంది కాబట్టి, 20 సెకన్లంటే ఆరేడు రింగులు. మొబైల్‌కి వేరే గ్రూప్, 601. నంబరు చివర # తప్పనిసరి, లేకపోతే దాన్ని బయటి నంబరుగా తీసుకోదు. దీనికి 25 ఇవ్వండి. మొబైల్ మోగడం మొదలయ్యేసరికే కొన్ని సెకన్లు పోతాయి. 600లో ‘డెస్టినేషన్ ఇఫ్ నో ఆన్సర్’ 601కి, 601లో 201 వాయిస్‌మెయిల్‌కి కలపండి. మొత్తం 45 సెకన్లు.

601లో ‘కన్‌ఫర్మ్ కాల్స్’ ఆన్ చేయడం మరవద్దు. మొబైల్లో వాయిస్‌మెయిల్ ఎత్తినా సిస్టమ్ దాన్ని మనిషే ఎత్తినట్టు లెక్కేస్తుంది, అవతలి కస్టమర్ అక్కడే చిక్కుకుపోతాడు. ఇది ఆన్‌లో ఉంటే 1 నొక్కినప్పుడే కాల్ కలుస్తుంది. ఇది రింగాల్ స్ట్రాటజీలోనే పనిచేస్తుంది, కాబట్టి 601కీ అదే పెట్టండి.

ఇన్‌బౌండ్ రూట్ (బయటి కాల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే సెట్టింగ్) 201కి కాకుండా 600కి వెళ్లేలా మార్చి, సబ్మిట్ తర్వాత ‘అప్లై కాన్ఫిగ్’ నొక్కండి.

ప్రశ్న: 201 ఎక్స్‌టెన్షన్‌లో రింగ్ టైమ్ 40కి పెంచినా, లోపలి కాల్ పాత టైముకే వాయిస్‌మెయిల్‌కి పోతోంది.

జవాబు: 201కి ‘ఫాలో మీ’ (ఎత్తకపోతే కాల్‌ను వేరే నంబర్లకు పంపే సదుపాయం) ఆన్‌లో ఉందేమో చూడండి. ఆన్‌లో ఉంటే దాని సొంత రింగ్ టైములే చెల్లుతాయి. అది ఆఫ్‌లోనే ఉంటే డెస్క్ ఫోను మెనూ తెరవండి, అందులోనే ‘నో ఆన్సర్ ఫార్వర్డ్’ పెట్టి ఉండవచ్చు. రెండుచోట్లా ఫార్వర్డింగ్ ఉంచకండి. ఫోన్లో తీసేసి, సిస్టమ్‌లోనే ఉంచడం మేలు.