అనుబంధ పద్దు తప్పు కాదు, అది మార్చి నెలాఖరుకు రావడం తప్పు

"రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి సరిపడా బడ్జెట్ పెట్టుకున్నాక మధ్యలో మళ్లీ అనుబంధ పద్దులంటూ అసెంబ్లీని డబ్బు అడగడం ఏమిటి? మొదటి లెక్క తప్పని ఒప్పుకోవడమే కదా?" అని అడిగారు.

కాదండీ. నేను ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా సంక్షేమ కార్యాలయంలో ఏళ్ల తరబడి బిల్లుల సెక్షన్ చూసి రిటైరయ్యాను. హాస్టళ్ల డైట్ (పిల్లల భోజనం) బిల్లులు, జీతాలు, అద్దెలు, కరెంటు బిల్లులు అన్నీ నా టేబుల్ మీదుగానే వెళ్లేవి. ఆ అనుభవంతో చెబుతున్నాను. మధ్యలో డబ్బు అడగడంలో తప్పేమీ లేదు. ఎప్పుడు అడుగుతున్నారు, ఆ డబ్బు కింది ఆఫీసుకు ఏ తేదీకి చేరుతోంది అన్నదే అసలు సంగతి. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ముందు లెక్క సంగతి చూడండి. ఏప్రిల్‌లో మొదలయ్యే ఏడాదికి మేము నంబర్ స్టేట్‌మెంట్లు (సిబ్బంది, జీతాల వివరాలు), అంచనాలు అంతకుముందు అక్టోబర్, నవంబర్ నెలల్లోనే రాసి పంపేవాళ్లం. ఆ డబ్బులో చివరి రూపాయి ఖర్చయ్యేది తర్వాతి ఏడాది దాటి వచ్చే మార్చిలో. అంటే దాదాపు ఏడాదిన్నర ముందే అంచనా వేయాలి. ఆ లోపల తుపాను రావచ్చు, డీఏ పెరగొచ్చు, కోర్టు తీర్పు రావచ్చు, కేంద్రం కొత్త పథకం ఇచ్చి రాష్ట్రం వాటా కట్టమనొచ్చు. ఇవన్నీ ముందే ఊహించి రాయగల మనిషి ఏ ఆఫీసులోనూ లేడు. రాజ్యాంగం రాసినవాళ్లకు ఈ సంగతి తెలుసు కాబట్టే 205వ అధికరణం పెట్టారు. ఇచ్చిన మొత్తం చాలకపోయినా, బడ్జెట్‌లో లేని కొత్త పని వచ్చిపడినా మళ్లీ సభ ముందుకు వెళ్లి అడగమని అందులోనే ఉంది. సభ ఆమోదించి ద్రవ్య వినిమయ చట్టం (ఖర్చుకు అనుమతిచ్చే చట్టం) చేస్తే తప్ప సంచిత నిధి, అంటే ప్రభుత్వ ప్రధాన ఖజానా నుంచి పైసా తీయకూడదు. కాబట్టి అనుబంధ పద్దు పెడుతున్నారంటే కనీసం పద్ధతి ప్రకారం అడుగుతున్నారన్నమాట.

ఇక నా కథ చెబుతాను. నేను సర్వీసులో చేరి మూడు నాలుగేళ్లయింది. కంప్యూటర్లు ఇంకా రాలేదు, అంతా కాగితాలే. ఆ ఏడాది వానాకాలంలో హాస్టల్ పిల్లల మెస్ చార్జీలు పెంచుతూ జీవో వచ్చింది. అందరం సంతోషించాం, ఎందుకంటే పాత రేటుతో పిల్లలకు కడుపునిండా పెట్టడం నిజంగానే కష్టంగా ఉండేది. కానీ రేటు పెరిగింది తప్ప హెడ్‌లో, అంటే ఆ ఖర్చుకు కేటాయించిన ఖాతాలో, డబ్బు పెరగలేదు. బడ్జెట్ పాత రేటు మీద వేసింది. డిసెంబర్ దాటేసరికి డైట్ హెడ్ ఖాళీ అయిపోయింది.

వార్డెన్లు జనవరి నుంచి అప్పు మీదే నడిపారు. ఒక ఊరి కిరాణా కొట్టు ఆయన మా వార్డెన్‌కి ఇచ్చిన అప్పు పుస్తకం నేను నా చేత్తో తిరగేశాను. ఎర్ర అట్ట, నూనె మరకలు. జనవరి పేజీల్లో బియ్యం కాక మిగతావన్నీ ఉన్నాయి: కందిపప్పు, నూనె, చింతపండు, ఎండుమిర్చి. ఫిబ్రవరి సగానికి వచ్చేసరికి కందిపప్పు తగ్గింది, నూనె తగ్గింది. గుడ్లు అన్న మాటే లేదు. ఏమయ్యాయని అడిగితే, "గుడ్లవాడు అప్పివ్వనన్నాడు సార్" అని వార్డెన్ తల దించుకున్నాడు. ఆడిట్ రిపోర్టుల్లో 'నిధుల కొరత' అని రెండు మాటలు రాస్తారే, దాని అర్థం నాకు ఆ పుస్తకం చూశాకే తెలిసింది.

నేను కుర్రవాణ్ని, కొంచెం దుడుకు. మా శాఖలోనే ఒక హాస్టల్ భవనానికి ఇచ్చిన డబ్బు స్థలం తగాదా వల్ల కదలకుండా పడి ఉంది. ఆ డబ్బు ఇటు మార్చి పిల్లల తిండికి వాడదామని ఉత్సాహంగా నోట్ ఫైల్ రాశాను. మా సూపరింటెండెంటు గారు అది చదివి, నేను రాసిన 4225, 2225 అన్న రెండు హెడ్ల నంబర్ల కింద ఎర్ర సిరాతో గీత గీశారు. "నాయనా, రెండుతో మొదలయ్యేది రెవెన్యూ, అంటే రోజువారీ ఖర్చు. నాలుగుతో మొదలయ్యేది క్యాపిటల్, అంటే భవనాల్లాంటి వాటి ఖర్చు. సభ రెండింటినీ విడివిడిగా ఓటేసి ఇచ్చింది. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చే అధికారం నీకూ నాకూ కాదు, ఆర్థిక శాఖకు కూడా లేదు. మళ్లీ సభే ఇవ్వాలి" అన్నారు.

ఆ రోజు ఆయన మీద కోపం వచ్చింది. పిల్లలకు గుడ్డు లేదు, ఈయన నంబర్లు చెబుతున్నాడేమిటి అనుకున్నాను. ఇప్పుడైతే ఆయన చెప్పిందే సరైందంటాను. రీఅప్రాప్రియేషన్, అంటే ఒక హెడ్ డబ్బు ఇంకో హెడ్‌కు మార్చడం, ఒకే గ్రాంటు (సభ ఓటేసిన ఒక పద్దు) లోపల, రెవెన్యూలో రెవెన్యూకే, క్యాపిటల్‌లో క్యాపిటల్‌కే జరగాలి. ఓటు వేసిన పద్దు నుంచి చార్జ్‌డ్ పద్దుకు (సభ ఓటు అక్కర్లేని ఖర్చుకు) మార్చకూడదు. బడ్జెట్‌లో లేని కొత్త పనికి దాన్ని వాడకూడదు. ఈ కట్టుబాటే లేకపోతే భవనాల డబ్బుతో జీతాలిచ్చి, జీతాల డబ్బుతో ఇంకేదో చేసి, సభ దేనికి ఓటేసిందో దేనికి ఖర్చయిందో ఎవరికీ అంతుపట్టదు.

సరే, అనుబంధ పద్దులో మా డైట్ హెడ్ చేరింది. సభ ఆమోదించింది. ఎప్పుడు? మార్చిలో, వచ్చే ఏడాది బడ్జెట్‌తో పాటు కలిపి. అక్కణ్నుంచి ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు, దాని మీద శాఖాధిపతి జిల్లాల వారీ పంపకం, దాని మీద మా జిల్లాలో హాస్టళ్ల వారీ పంపకం. కాగితం మా చేతికి వచ్చింది 30వ తేదీ సాయంత్రం. ఆ రాత్రి ఇద్దరం టైపు మిషన్ దగ్గరే కూర్చున్నాం. 31న ఉదయం నుంచి ట్రెజరీలో క్యూ.

మార్చి 31 రాత్రి ట్రెజరీ చూసినవాళ్లకు నేను వర్ణించనక్కర్లేదు. వరండా నిండా మనుషులు, బల్లల మీద బిల్లుల కట్టలు, సీలు కొట్టే చప్పుడు, చెమట. ఎవరికీ తిండి లేదు. మా వార్డెన్లు ముగ్గురు గోడకు చేరగిలబడి నిలబడ్డారు. ఇద్దరి బిల్లులు పాసయ్యాయి. మూడో ఆయన బిల్లుకు అబ్జెక్షన్ పడింది. సరుకులు స్టాకు రిజిస్టర్‌లో ఎక్కించినట్టు ఒక వోచర్ మీద సర్టిఫికెట్ రాయలేదట. అక్కడే వీపు మీద కాగితం పెట్టుకుని రాసి సంతకం చేశాడు పాపం. లోపలికి తీసుకెళ్లేసరికి ఆ రోజు లెక్క మూసేశారు. ట్రెజరీ వాళ్లను కూడా ఏమీ అనలేను, వాళ్లు పొద్దున్నుంచి తల ఎత్తలేదు. అర్ధరాత్రి దాటితే ఆ ఏడాది డబ్బు ఆ ఏడాదితోనే మురిగిపోతుంది. మార్చి దాటాక రీఅప్రాప్రియేషన్ లేదు, ఖర్చూ లేదు. "అన్నా, ఇప్పుడు ఊళ్లోకి ఏ మొహం పెట్టుకుని వెళ్లను?" అన్నాడు ఆయన నాతో. అప్పటికే ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి మరీ హాస్టల్ నడుపుతున్నాడని నాకు తెలుసు.

ఇక్కడితో అయిపోలేదు. ఏప్రిల్‌లో కొత్త బడ్జెట్ వచ్చింది. కిరాణా ఆయన పాత బాకీ దాన్లోంచే తీర్చాలి కదా? తీర్చాం, ఆగస్టులో. అంటే కొత్త ఏడాది మొదలవుతూనే డైట్ హెడ్‌లో అంత లోటు. ఆ లోటు మళ్లీ జనవరిలో బయటపడుతుంది, మళ్లీ అనుబంధ పద్దు, మళ్లీ మార్చి. మీరు అడిగిన 'తప్పు లెక్క' చాలాసార్లు ఇలాగే పుడుతుంది. సమయానికి అందని డబ్బు వచ్చే ఏడాది లెక్కను కూడా పాడుచేస్తుంది.

నా వాదన ఒక్కటే. అనుబంధ పద్దు నవంబర్, డిసెంబర్ లోపు సభ ముందుకు రావాలి. శీతాకాల సమావేశాలు ఉన్నాయి కదా. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంటుంది, ఏ హెడ్ చాలదో ఏ హెడ్ మిగులుతుందో మా లాంటి గుమాస్తాలు కూడా చెప్పగలరు. అప్పుడు ఆమోదిస్తే డబ్బు జనవరికి హాస్టల్ చేరుతుంది. మార్చిలో పెట్టేది సాయం కాదు. అప్పటికే చేసేసిన ఖర్చుకు ఆమోదం తీసుకోవడం, లేదా ఖర్చు చేయలేని డబ్బు మంజూరు చేయడం, ఈ రెండే.

ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ రాష్ట్ర ఆర్థిక నివేదికలు చదివితే మీకు ఇంకో విడ్డూరం కనిపిస్తుంది. కొన్ని గ్రాంట్లలో మొదటి కేటాయింపే పూర్తిగా ఖర్చు కాదు, అయినా దాని మీద అనుబంధ పద్దు తీసుకుని ఉంటారు. ఇంకొన్నింట్లో తీసుకున్నది కూడా చాలక సభ అనుమతి లేకుండా అదనంగా ఖర్చు చేసి ఉంటారు. కాగ్ ఏటా రాస్తూనే ఉంటుంది. అలా అదనంగా చేసిన ఖర్చును ఎమ్మెల్యేలతో కూడిన ప్రజా పద్దుల కమిటీ పరిశీలించాక, అదే 205వ అధికరణం కింద సభ క్రమబద్ధం చేయాలి. అది ఏళ్ల తరబడి పెండింగ్‌లో ఉంటుంది. మిగిలిన డబ్బు ముందే తిరిగి అప్పగిస్తే వేరేచోట పనికొస్తుంది. చాలా శాఖలు మార్చి చివరి రోజున సరెండర్ చేస్తాయి, అంటే తిరిగి అప్పగిస్తాయి. ఆ రోజు తిరిగి ఇచ్చిన డబ్బు ఎవరికి ఉపయోగం? కొందరైతే మురిగిపోతుందని పీడీ ఖాతాల్లోకి (అధికారుల పేరిట ఉండే ప్రభుత్వ డిపాజిట్ ఖాతాల్లోకి) మార్చి పెట్టుకుంటారు. లెక్కల్లో ఖర్చయినట్టే కనిపిస్తుంది, పని మాత్రం జరిగి ఉండదు.

రీఅప్రాప్రియేషన్ గురించి కూడా ఒక మాట. గ్రాంటు లోపల జరిగే మార్పులు అప్పటికప్పుడు సభ ముందుకు రావు, ఆర్థిక శాఖ ఉత్తర్వులతోనే అయిపోతాయి. నియమాల ప్రకారం అది సరే. కానీ ఒక వర్గం కోసం ఓటేసిన డబ్బు అదే గ్రాంటులో ఇంకో పనికి మారితే ఆ వర్గానికి తెలిసే దారి ఉండాలి కదా. ప్రతి మూడు నెలలకు ఆ ఉత్తర్వులన్నీ ఒకచోట చేర్చి సభ ముందు పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

టీవీల మీద కూడా నాకు చాలా కోపం. బడ్జెట్ రోజున మొత్తం ఎన్ని లక్షల కోట్లు అని రోజంతా చర్చ పెడతారు. 2024-25లో ఆంధ్రప్రదేశ్ మొదట ఓటాన్ అకౌంట్ (కొన్ని నెలల తాత్కాలిక బడ్జెట్) మీద, తర్వాత ఆర్డినెన్స్ మీద నడిచి, నవంబర్ 11న దాదాపు 2.94 లక్షల కోట్ల పూర్తి బడ్జెట్ పెట్టుకుంది. తెలంగాణ అదే ఏడాది జూలై 25న పెట్టుకుంది. ఎన్నికల ఏడాది, అర్థం చేసుకోవచ్చు. కానీ ఏడు నెలలు గడిచాక వచ్చిన బడ్జెట్‌లో ఐదు నెలల్లో ఏ శాఖ ఎంత ఖర్చు చేయగలదు అని అడిగిన యాంకర్‌ను నేను చూడలేదు. అనుబంధ పద్దుల రోజు అయితే అసలు కెమెరాలే ఉండవు. సభలో కూడా టైం అయిపోయిందని అన్ని డిమాండ్లనూ, అంటే శాఖల పద్దులనూ, గంపగుత్తగా ఓటుకు పెట్టి ముగిస్తారు.

ఇప్పుడు ట్రెజరీలో ఆ క్యూ లేదు. 2018 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సీఎఫ్‌ఎంఎస్ (బిల్లులు, చెల్లింపులు ఆన్‌లైన్‌లో జరిగే వ్యవస్థ) వచ్చింది, బిల్లు ఇంటి నుంచి కూడా పెట్టొచ్చు. మంచిదే. కానీ బిల్లు కంప్యూటర్‌లో నెలల తరబడి ఆగితే అప్పిచ్చిన కొట్టు ఆయనకు తేడా ఏముంది? సర్వీసులో ఉన్న పిల్లలు ఇప్పటికీ ఫోన్ చేసి మార్చి టెన్షన్ అలాగే ఉంది సార్ అంటారు.

మీకు నిజంగా ఆసక్తి ఉంటే ఒక పని చేయండి. ఈసారి మీ రాష్ట్రం అనుబంధ పద్దుల పుస్తకం పెట్టినప్పుడు ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో వెతికి తెరవండి. మొత్తం చూడొద్దు. మీ ఊరికి సంబంధించిన ఒక్క డిమాండు తీసుకోండి, బడి కావచ్చు, ఆసుపత్రి కావచ్చు, హాస్టల్ కావచ్చు. అడిగిన మొత్తం పక్కన కారణం రాసి ఉంటుంది, అది చదవండి. సభ ఏ తేదీన ఆమోదించిందో రాసిపెట్టుకోండి. తర్వాత ఆ ఏడాదికి కాగ్ నివేదిక వచ్చినప్పుడు అదే గ్రాంటు కింద ఎంత మిగిలిందో, మార్చి 31న ఎంత సరెండర్ చేశారో చూడండి. మార్చిలో అడిగి, మార్చిలోనే వెనక్కి ఇచ్చినట్టు కనబడితే మీ ఎమ్మెల్యేకి ఆ రెండు పేజీలు తీసుకెళ్లి చూపించండి. నేను మా ఎమ్మెల్యేకి రెండుసార్లు చూపించాను. రెండోసారి ఆయన ఆ కాగితాలు దగ్గర పెట్టుకుని, హాస్టల్ డైట్ బిల్లుల గురించి అరగంట అడిగి తెలుసుకున్నారు.